మానిటర్‌పై గుండె లయను చదవడం: నర్సులు పాటించవలసిన క్రమం

అలారం మోగగానే చూపు తెరపైకి పోవడం సహజమే అయినా, మొదట చూడవలసింది రోగిని. పిలిస్తే పలుకుతున్నారా, ఊపిరి ఎలా ఉంది, చర్మం చల్లబడి చెమట పట్టిందా, మెడ దగ్గర నాడి అందుతోందా అన్నది పది సెకన్లలోపే తేల్చుకోవాలి. తెరపై వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్‌ను (గుండె కింది గదులు రక్తాన్ని పంపలేక అదిరే లయను) తలపించే గజిబిజి గీత నడుస్తుండగా రోగి మంచంపై కూర్చుని పళ్లు తోముకుంటుంటే, ఆ గీత చేతి కదలికదే తప్ప గుండెది కాదు. ఎలక్ట్రోడ్ ఊడినా, జెల్ ఎండిపోయినా గీత చదునుగా కనిపించవచ్చు. అదే సమయంలో పల్స్ ఆక్సిమీటర్ తరంగం చక్కగా కొట్టుకుంటూ ఉంటే ముందుగా లీడ్‌లను (ఎలక్ట్రోడ్‌లను మానిటర్‌కు కలిపే తీగలను) సరిచూడాలి. దీనికి విరుద్ధమైన స్థితి మరింత ప్రమాదకరం: తెరపై లయ ఎంత క్రమంగా ఉన్నా, స్పృహ లేని రోగికి నాడి అందకపోతే అది గుండె ఆగిపోయినట్లే, వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి.

రోగి స్థిరంగా ఉన్నారని తేలాక స్ట్రిప్ (లయ గీత ముద్రించిన గడుల కాగితం) తీసుకోవాలి. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదిలినప్పుడు చిన్న గడి 0.04 సెకన్లకు, పెద్ద గడి 0.20 సెకన్లకు సమానం. లయ క్రమంగా ఉంటే పక్కపక్కనున్న రెండు ఆర్ శిఖరాల (ప్రతి స్పందనలో గీత పైకి లేచే కొసల) మధ్యనున్న పెద్ద గడుల సంఖ్యతో 300ను భాగించాలి. నాలుగు గడులుంటే వేగం నిమిషానికి 75. లయ క్రమం తప్పితే ఈ లెక్క పనికిరాదు కనుక, 30 పెద్ద గడులలో, అంటే 6 సెకన్లలో, వచ్చిన క్యూఆర్ఎస్‌లను (కింది గదుల స్పందనను చూపే తరంగాలను) లెక్కించి పదితో గుణించాలి. ఆ తర్వాత ప్రతి క్యూఆర్ఎస్‌కు ముందు పి తరంగం (పై గదుల స్పందనను చూపే చిన్న తరంగం) ఉందా, పీఆర్ వ్యవధి (పి మొదలు నుంచి క్యూఆర్ఎస్ మొదలు దాకా) 0.12 నుంచి 0.20 సెకన్ల మధ్య ఉందా, క్యూఆర్ఎస్ వెడల్పు 0.12 సెకన్ల లోపు ఉందా అన్నది వరుసగా చూడాలి.

స్పష్టమైన పి తరంగాలు లేకుండా, ఆర్ శిఖరాల మధ్య దూరం ఏ పద్ధతికీ లొంగకుండా మారుతుంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను (పై గదులైన కర్ణికలు క్రమం లేకుండా అదిరే లయను) అనుమానించాలి. ఈ లయలో కొన్ని స్పందనలు మణికట్టు దాకా చేరవు. అందుకే ఒక నర్సు స్టెతస్కోపుతో గుండె శబ్దాన్ని, మరొకరు మణికట్టు నాడిని ఒకే గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కించి, రెండింటి తేడాను నమోదు చేయాలి. పావు నిమిషం లెక్కించి నాలుగుతో గుణించే అలవాటు ఇక్కడ తప్పుదోవ పట్టిస్తుంది. ఎడమ కర్ణికలో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరే ముప్పు ఉన్నందున, మాట తడబడటం, మూతి వంకర పోవడం, ఒక చేయి బలహీనపడటం గమనిస్తే ఆ క్షణమే డాక్టరుకు చెప్పాలి.

పీఆర్ వ్యవధి క్రమేణా పెరిగి ఒక క్యూఆర్ఎస్ జారిపోతే అది మోబిట్జ్ బ్లాక్‌లో (పై గదుల సంకేతం కొన్నిసార్లు కింది గదులకు చేరకపోవడంలో) మొదటి రకం. పీఆర్ మారకుండానే క్యూఆర్ఎస్ హఠాత్తుగా జారిపోయే రెండో రకం పూర్తి బ్లాక్‌గా (సంకేతం అసలే చేరని స్థితిగా) మారే అవకాశం ఎక్కువ కాబట్టి, పేసింగ్ పరికరాన్ని (విద్యుత్తుతో గుండెను కొట్టుకునేలా చేసేదాన్ని) మంచం దగ్గరే సిద్ధంగా ఉంచడం మంచిది.

వెడల్పాటి క్యూఆర్ఎస్‌తో వేగంగా నడిచే లయను, మరొకటని రుజువయ్యేవరకు, వెంట్రిక్యులర్ టాకీకార్డియాగానే (కింది గదుల నుంచే పుట్టే వేగమైన లయగానే) భావించాలి. నాడి ఉండి రక్తపోటు పడిపోతుంటే సింక్ చేసిన (ఆర్ శిఖరంతో సమయం కలిపి ఇచ్చే) షాక్‌కు సిద్ధం కావాలి. నాడి లేకపోతే నిమిషానికి 100 నుంచి 120 చొప్పున ఛాతీ నొక్కుతూ, సింక్ లేకుండా షాక్ ఇవ్వాలి. వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్‌లో సింక్ బటన్ నొక్కి ఉంటే, యంత్రానికి ఆర్ శిఖరం దొరకక షాక్ విడుదల కాకపోవచ్చు. హడావుడిలో చాలామంది యంత్రం పాడైందనుకునేది ఇక్కడే.

డాక్టరుకు ఫోన్ చేసేటప్పుడు “లయ బాగా లేదు” అనడం చాలదు. వేగం, క్రమం, క్యూఆర్ఎస్ వెడల్పు, రక్తపోటు, స్పృహ, ఛాతీ నొప్పి, మార్పు మొదలైన సమయం, తాజా పొటాషియం విలువ చెప్పి, తేదీ, సమయం, లీడ్ (గుండెను చూపిన కోణం) పేరు రాసిన స్ట్రిప్‌ను కేస్ షీటుకు జతచేయాలి.