నాగార్జునకొండకు లాంచీ ఎక్కే ముందు

"వెళ్ళొచ్చాం టీచర్, ఎండా, నాలుగు రాళ్ళూ తప్ప అక్కడేం లేదు." నాగార్జునకొండ చూసొచ్చిన వాళ్ళు ఈ మాట అన్నప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది. మాచర్లలో 24 ఏళ్ళు సోషల్ పాఠం చెప్పాను. పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ కొండకు ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. మొదట్లో నేనూ అందరిలాగే పొద్దున్నే లాంచీ ఎక్కించి, తిరిగొచ్చాక ఓపిక ఉంటే ఒడ్డునే ఉన్న అనుపు కట్టడాలు చూపించేదాన్ని. ఆ వరస తప్పని నాకు చెప్పింది మా నాయనమ్మ. అందుకే ఎవరడిగినా ముందు అనుపు, ఆ తర్వాతే లాంచీ అని చెబుతాను.

ఎందుకో చెబుతాను. నాగార్జునసాగర్ జలాశయం మధ్యనున్న నాగార్జునకొండ ఎప్పటినుంచో ఉన్న ద్వీపం కాదు. మా నాయనమ్మ పెళ్ళయి వచ్చేనాటికి అది ఉత్త కొండ. మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ, మధ్యలో లోయ. మాచర్ల నుంచి ఎడ్లబండి కట్టుకుని ఆ లోయలోకి దిగేవాళ్ళు. పడవతో పనే లేదు. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్నది అక్కడే. 1926లో పురావస్తు శాఖకు చెందిన ఎ.ఆర్. సరస్వతి ఆ శిథిలాలను గుర్తించారు. మరుసటి ఏడాది నుంచి అదే శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. నాగార్జునసాగర్ ఆనకట్ట ఖాయమయ్యాక, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. నీళ్ళు వచ్చేలోపు పూర్తి కావాల్సిన పని అది. ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండ మీద మళ్ళీ కట్టారు. మరికొన్నింటిని అనుపులో మళ్ళీ కట్టారు. 1966లో కొండ మీద మ్యూజియం తెరిచారు. 1967 ఆగస్టు 4న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ ఆనకట్ట నుంచి కాలువల్లోకి నీళ్ళు వదిలారు. అంటే మనం ఎక్కే లాంచీ చరిత్రకు ఇంకా నూరేళ్ళు కూడా నిండలేదు. దాని అడుగున ఉన్న ఊరిది పదిహేడు వందల ఏళ్ళు.

ఇక ప్రయాణం సంగతి. శుక్రవారం వెళ్ళకండి, మ్యూజియానికి సెలవు. రిజర్వాయర్‌లో నీళ్ళు బాగా తగ్గినా, గాలి ఎక్కువగా ఉన్నా లాంచీలు ఆపేస్తారు. అందుకని ముందురోజు సాయంత్రమే టూరిజం వాళ్ళకు ఫోన్ చేసి కనుక్కోండి. ఆంధ్ర వైపు నుంచి వచ్చేవాళ్ళు మాచర్ల మీదుగా విజయపురి సౌత్ లాంచీ స్టేషన్‌కు రావాలి. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళకు తెలంగాణ వైపు హిల్ కాలనీ నుంచి కూడా లాంచీ ఉంది. జనం పలచగా ఉన్న రోజుల్లో లాంచీ కదలడం ఆలస్యమవుతుంది. పిల్లలుంటే అన్నం మూటలు, మంచినీళ్ళు దగ్గర పెట్టుకోండి.

పొద్దున్నే, ఎండ ఎక్కకముందే అనుపు వెళ్ళండి. లోయలో దొరికిన మెట్ల రంగస్థలాన్ని అక్కడ మళ్ళీ కట్టారు. పిల్లల్లో ఒకరిని మధ్యలో నిలబెట్టి చప్పట్లు కొట్టమనండి, మీరు పై మెట్టు మీద కూర్చోండి. ఏటా ఒకటే జరిగేది. చప్పుడు పైకి స్పష్టంగా వినబడగానే గోల చేసే పిల్లలు కూడా ఒక్క నిమిషం నోరు మూసుకునేవాళ్ళు. ఆ తర్వాత బౌద్ధ భిక్షువులు ఉండే విహారాల గదులు చూసి, ఒక గది కొలత అడుగులతో కొలవండి. ఆ కొలత గుర్తుంటే నీళ్ళ మీద మీకు పనికొస్తుంది.

లాంచీలో లైఫ్‌జాకెట్ వేసుకుని, తాళ్ళు బిగించి కట్టుకోండి. ఉక్కపోస్తోందని విప్పేసేవాళ్ళను చూస్తే నాకు భయం. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగాక రాష్ట్రంలో బోట్లన్నీ ఆపేశారు. ఆ కుటుంబాల దుఃఖం తలుచుకునైనా జాకెట్ తీయకండి.

అక్కడ తిరిగే లాంచీల్లో ఒకదాని పేరు శాంతిసిరి. శాసనాల్లో చాంతిసిరి అని ఉంటుంది. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి తోబుట్టువు. మహాచైత్యం, అంటే అక్కడి పెద్ద బౌద్ధ స్తూపం, పూర్తి చేయించింది ఆవిడే. పిల్లలకు ఈ సంగతి లాంచీ ఎక్కేటప్పుడే చెప్పండి.

ప్రయాణం ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ఫోటోలు మొదటి పది నిమిషాల్లో తీసుకుని, ఆ తర్వాత ఫోన్ లోపల పెట్టేయండి. కొండ దగ్గరపడుతుంటే కిందికి చూడండి. నీళ్ళు తప్ప ఏమీ కనబడదు, నిజమే. కానీ పొద్దున కొలిచిన ఆ గది, ఆ రంగస్థలం మొదట ఉన్న చోటు ఈ నీళ్ళ కిందే ఉంది.

మా నాయనమ్మను ఒక్కసారే తీసుకెళ్ళగలిగాను. అప్పటికి డెబ్బై దాటాయి. లాంచీలో కమ్మీ పట్టుకుని నిలబడి, చుట్టూ ఉన్న కొండల వరసను బట్టి లెక్క వేసుకుంటూ, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇక్కడ దిగేవాళ్ళమే అమ్మీ బండి. ఎడ్లకు నీళ్ళు పెట్టేవాడు మీ తాత" అంది. నీళ్ళు ఎంత లోతుంటాయని అడిగింది. నేను చెప్పలేకపోయాను.

కొండ మీద దిగగానే తిరుగు లాంచీ టైము అడిగి తెలుసుకోండి. ఉన్న సమయం చాలదు, కాబట్టి తోటలో కూర్చోకుండా నేరుగా మ్యూజియంలోకి వెళ్ళండి. శిల్పాల దగ్గర ఆగాలనిపిస్తుంది. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న పల్నాటి సున్నపురాయి అలాంటిది. అయినా ముందు మునిగిన లోయ నమూనా దగ్గరికి వెళ్ళండి. ఏ విహారం ఎక్కడుందో, నది ఎటు పారేదో అందులో తెలుస్తుంది. మీరు వచ్చిన దారి కూడా దాని మీద వేలితో గీసి చూడొచ్చు. శిల్పాలు ఆ తర్వాత చూడండి, అప్పుడవి ఎక్కడినుంచి వచ్చాయో తెలిసి చూస్తారు.

బయటికొచ్చాక మహాచైత్యం, సింహళ విహారం చూసి, స్నానఘట్టాన్ని ఆఖరున పెట్టుకోండి. కిందినుంచి తెచ్చి మళ్ళీ పేర్చిన రాతి మెట్లవి. మా నాయనమ్మ చెప్పులు విడిచి ఆ మెట్ల మీదే కూర్చుంది. లాంచీ హారన్ రెండోసారి మోగాక గానీ లేవలేదు.