అగ్నివీర్‌గా వెళ్లాలనుకుంటే: ముందు ఇంట్లో లెక్క, తర్వాతే గ్రౌండ్

పరుగు ప్రాక్టీసు మొదలుపెట్టేముందు ఒక తెల్లకాగితం తీసుకుని ఇంట్లోవాళ్లతో కూర్చోండి. 2022 నుంచి ఆర్మీలో జవానుగా చేరడానికి ఉన్న దారి దాదాపుగా అగ్నిపథ్ పథకం ఒక్కటే; అందులో చేరినవాళ్లే అగ్నివీర్‌లు. ఉద్యోగం నాలుగేళ్లు. ఆ తర్వాత నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. మిగతా 75 మందిలో మీరుంటే ఏమిటన్నదే లెక్క.

మొదటి ఏడాది జీతం నెలకు 30,000. అందులో 30 శాతం సేవానిధికి (నాలుగేళ్లయ్యాక ఒకేసారి చేతికిచ్చే పొదుపు నిధికి) పోగా చేతికి 21,000 వస్తుంది. రెండో ఏడు 23,100, మూడో ఏడు 25,550, నాలుగో ఏడు 28,000. తిండి, బట్ట, బస ప్రభుత్వానివే కాబట్టి, పొదుపుగా ఉండే కుర్రాడు ఇందులో సగానికిపైగా ఇంటికి పంపగలడు. నాలుగేళ్లలో మీ జీతం నుంచి సేవానిధికి చేరేది 5.02 లక్షలు. ప్రభుత్వం అంతే కలుపుతుంది. వడ్డీతో సుమారు 11.71 లక్షలు బయటికొచ్చేటప్పుడు ఇస్తారు, దానిమీద ఆదాయపు పన్ను లేదు. 48 లక్షల జీవిత బీమాకు మీరు కట్టాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు కాగితం రెండో వైపు. బయటికొచ్చాక పెన్షన్, గ్రాట్యుటీ, మాజీ సైనికుడి హోదా ఉండవు. ఏడాదికి సెలవు 30 రోజులు, అదే రెగ్యులర్ జవానుకైతే వార్షిక, క్యాజువల్ కలిపి 90. నాలుగేళ్లూ పెళ్లి కుదరదు. మధ్యలో నచ్చలేదని వచ్చేయడానికీ వీల్లేదు, అనుమతి చాలా అరుదు. గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్, సికింద్రాబాద్‌లో ఈఎంఈ (ఆర్మీ వాహనాలు, యంత్రాలు బాగుచేసే విభాగం) సెంటర్ ఉన్నాయి కదా, పిల్లాడు ఇంటి దగ్గరే ఉంటాడని చాలామంది తల్లులు ఆశపడతారు. ట్రైనింగ్ ఎక్కడన్నది మీకు కేటాయించే రెజిమెంట్‌ను బట్టి ఉంటుంది, ఊరిని బట్టి కాదు.

మా మాట ఇది: ఇంటర్, డిగ్రీ బాగా చదవగలిగే పిల్లలు ముందు ఆఫీసరుగా చేరే పరీక్షలు, అంటే ఇంటర్‌తో ఎన్‌డీఏ, డిగ్రీతో సీడీఎస్ ప్రయత్నించాలి. ఆఫీసరు తొలి హోదా లెఫ్టినెంట్ మూల వేతనమే 56,100, ఆపైన మిలిటరీ సర్వీస్ పే 15,500. చదువు పదితో ఆగి, ఇంటికి వెంటనే ఆదాయం కావాల్సినవాళ్లకు అగ్నివీర్ మంచి మెట్టే, 11 లక్షలను ఏం చేయాలో ముందే రాసిపెట్టుకుంటే.

ఇక గ్రౌండ్. ముందు ఆన్‌లైన్ రాతపరీక్ష, అందులో నెగ్గినవాళ్లకే ర్యాలీ, అంటే గ్రౌండ్‌లో దేహదారుఢ్య పరీక్షలు. 1.6 కిలోమీటర్లంటే 400 మీటర్ల ట్రాక్‌పై నాలుగు రౌండ్లు. 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తిచేస్తే 60 మార్కులు. అంటే రౌండుకు 82 సెకన్లు. ఎక్కువమంది పోయేది మొదటి రౌండులోనే: గుంపుతో కలిసి 68, 70కి లాగేస్తారు, మూడో రౌండుకు కాళ్లు బరువెక్కి 95కి పడిపోతారు. మొదటి రౌండు 80కి తగ్గకుండా వాచీ చూసుకుంటూ పరుగెత్తడం అలవాటు చేసుకోండి. వారానికి రెండుసార్లు 400 మీటర్లు 80 సెకన్లకు ఆరుసార్లు, మధ్యలో రెండు నిమిషాల నడక. మిగతా రోజుల్లో నెమ్మదిగా 5 కిలోమీటర్లు, మట్టి మీద. సిమెంటు రోడ్డు మీద రోజూ పరుగెత్తితే మోకాలి కింద ఎముక ముందువైపు నొప్పి పట్టుకుంటుంది, దాన్ని లెక్కచేయకపోతే ఎముక చిట్లే ప్రమాదం ఉంది. బీమ్ మీద 10 పుల్‌అప్స్‌కు 40 మార్కులు, ఆరుకు 16 మాత్రమే. పరుగు అయిపోయి చేతులు వణుకుతున్నప్పుడే తీయాలి కాబట్టి సాధన కూడా పరుగు తర్వాతే చేయండి. 9 అడుగుల గొయ్యి దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ (వంకరటింకర సన్న దిమ్మె మీద పడకుండా నడవడం) పాసైతే చాలు.

మెడికల్‌లో చెవిలో గులిమికి కూడా ఆపేస్తారు, ముందే ఈఎన్‌టీ డాక్టరుతో తీయించుకోండి. రంగుల గుర్తింపు, పాదాల వంపు, మోకాళ్లు తగలడం ఇప్పుడే చూపించుకోండి. పచ్చబొట్టు ముంజేతి లోపలివైపు, అరచేతి వెనక తప్ప ఇంకెక్కడున్నా ఇబ్బందే.

పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ అక్షరం తేడా లేకుండా ఉండాలి. కుల, నివాస పత్రాలు మీసేవలో ముందే తీయించండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ కోచింగ్ సెంటర్‌కూ అప్పగించకండి. సీటు ఇప్పిస్తానని డబ్బడిగే దళారీకి రూపాయి ఇవ్వకండి: పరుగు టైమును, రాతపరీక్ష మార్కులను అతను మార్చలేడు.