కొట్టం మరమ్మతు – మూడవ పాఠం: మొదలు పుచ్చిన గుంజ

గత పాఠంలో చూరునీటిని కొట్టం గోడలకు దూరంగా మళ్లించడం నేర్చుకున్నాం. ఆ పని మిగిలి ఉన్నవారు ముందు దానిని ముగించాలి. నీటి దారి మళ్లనంతవరకు ఈ పాఠంలో బాగుచేసే గుంజ కూడా కొన్నేళ్లకు మళ్లీ పుచ్చుతుంది.

కర్ర గుంజ సాధారణంగా నేలమట్టం దగ్గరే పుచ్చుతుంది. పైభాగం గాలికి ఆరిపోతుంది, బాగా లోతున ఉన్న భాగానికి కర్రను తినే శిలీంధ్రం బతికేంత గాలి అందదు. ఈ రెండింటి నడుమ, నేలకు జానెడు పైనుంచి రెండు జానల లోతు వరకు, తడి, గాలి రెండూ దొరుకుతాయి. పైగా మూత్రంతో నానిన పడక ఆ భాగాన్ని ఏడాది పొడవునా ఆరనివ్వదు. అందువల్ల కంటి ఎత్తున నిగనిగలాడే గుంజను చూసి నమ్మకూడదు.

గుంజ చుట్టూ ముప్పై సెంటీమీటర్ల లోతున మట్టి తీసి, సన్నని స్క్రూడ్రైవరుతో నాలుగు వైపులా పొడిచి చూడండి. అదే గుంజను రొమ్ము ఎత్తున కూడా పొడిస్తే గట్టి కర్ర ఎంత ఎదురుతిరుగుతుందో చేతికి తెలుస్తుంది. కింద అంతకంటే సులువుగా దిగిన ప్రతిచోటా పుచ్చు ఉన్నట్టే. సుత్తితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే లోపల చెదలు తొలిచి ఉండవచ్చు. పైపైన ఒక సెంటీమీటరే పోయిందని తేలికగా తీసుకోవద్దు. 20 సెంటీమీటర్ల మందమున్న గుండ్రటి గుంజ చుట్టూ ఒక సెంటీమీటరు పుచ్చితే 18 మిగులుతుంది; వంపును తట్టుకునే బలం మందం ఘనాన్ని బట్టి మారుతుంది కాబట్టి అందులో సుమారు 27 శాతం అప్పటికే పోయినట్టు. మూలగుంజల విషయంలో ఈ లెక్కను మరింత కఠినంగా పాటించాలి.

ఇక్కడ చాలామంది పుచ్చిన మొదలు చుట్టూ సిమెంటు పోసి పని అయిపోయిందనుకుంటారు. అది మరమ్మతు కాదు, పుచ్చును దాచిపెట్టడం మాత్రమే. కర్ర ఎండినప్పుడు కుంచించుకుని సిమెంటుకూ కర్రకూ మధ్య సందు ఏర్పడుతుంది. అందులో దిగిన నీరు బయటికి పోయే దారి లేక అక్కడే నిలుస్తుంది. సరైన మార్గం ఏమిటంటే, పుచ్చిన భాగాన్ని పూర్తిగా కోసివేసి, మిగిలిన గుంజను నేల తాకకుండా కాంక్రీటు దిమ్మె మీద నిలపడం.

పశువులను వేరేచోట కట్టి, గాలి లేని రోజు చూసుకుని, ఒక్కసారికి ఒక్క గుంజనే పట్టుకోవాలి. గుంజకు అటూ ఇటూ అరమీటరు దూరంలో, దూలం కింద రెండు పోట్లు (తాత్కాలికంగా బరువు మోసే ఊతకర్రలు) నిలపండి. వాటి కింద వెడల్పాటి చెక్క వేయకపోతే బరువుకు నేలలోకి దిగిపోతాయి. పోటు కింద ఎదురెదురుగా పెట్టిన రెండు చీలలను (ఒక కొస పలచగా చెక్కిన చెక్కముక్కలను) మార్చి మార్చి కొడుతూ, గుంజ మీది బరువు తప్పుకునేంత వరకే లేపాలి. మొదటిసారి నేను జాకీతో అత్యుత్సాహం చూపి కప్పును రెండు అంగుళాలు లేపాను; రేకుల మేకులు సగం ఊడివచ్చి, ఒక్క గుంజ పని మూడు రోజుల కప్పు పనిగా మారింది. పోట్ల తలలను దూలానికి కట్టివేయడం మరచిపోవద్దు.

పుచ్చు కనిపించే హద్దుకు కనీసం ముప్పై సెంటీమీటర్ల పైన కోయండి, కంటికి కనిపించని శిలీంధ్రపు దారాలు గట్టిగా తోచే కర్రలోకి కూడా పాకి ఉంటాయి. పాత మొదలును తవ్వి తీసి, ఆ గోతిని గట్టినేల తగిలే వరకు, కనీసం అరవై సెంటీమీటర్లు దించాలి. చలికాలంలో నేల గడ్డకట్టే ప్రాంతాలలో ఆ గడ్డకట్టే లోతును దాటి దించాలి. నాలుగు ఇనుప చువ్వలు నిలిపి, ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు కంకర కలిపిన కాంక్రీటుతో, కోసిన ఎత్తుకు సెంటీమీటరున్నర కింద వరకు దిమ్మె పోయండి. అది గట్టిపడకముందే రెండు చెవులున్న జింకుపూత ఇనుప పట్టీని అందులో నాటి, పైనున్న గుంజ మధ్యకు సరిపోతోందో లేదో తూకపు గుండుతో చూసుకోవాలి. గుంజ అడుగు కాంక్రీటును తాకకుండా, పట్టీ పీట మీద సెంటీమీటరున్నర ఎత్తులో కూర్చోవాలి. ఏడు రోజులు తడిగోనెలు కప్పి ఉంచిన తరువాత బోల్టులు బిగించి పోట్లు తీయవచ్చు.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. నేలలో పాతిన గుంజ గాలి తోపుకు తనంతట తాను నిలబడేది. దిమ్మె మీద కూర్చున్న గుంజకు ఆ పట్టు ఉండదు, అడుగు దగ్గర కీలులా కదులుతుంది. కనుక ప్రతి గుంజ పైభాగం నుంచి దూలానికి నలభై ఐదు డిగ్రీల వాలులో ఒక ఆనింపు కర్రను బోల్టులతో బిగించాలి, పశువుల కొమ్ములకు తగలనంత ఎత్తులో. దీనిని వదిలివేసిన కొట్టం వానకు నిలుస్తుంది కానీ గాలివానకు పక్కకు ఒరుగుతుంది.

పశువులను లోపలికి తోలే ముందు రెండు పనులున్నాయి. పాత రంగు గీకిన పొట్టును ముందే పరిచిన పట్టా మీద పట్టి దూరంగా పారవేయాలి. పాత రంగులలో సీసం ఉండవచ్చు, పశువులు దానిని నాకుతాయి. తరువాత నేలంతా అయస్కాంతంతో వెదకాలి. ఆవు మేతలో కలిసిన మేకును ఏరి వదలదు, మింగేస్తుంది. అది తేనెపట్టులాంటి రెండవ పొట్టలో చిక్కుకుని, దాని గోడను గుచ్చి, పక్కనే ఉన్న గుండె వరకు చేరగలదు.

అభ్యాసం: మీ కొట్టం పటం గీసి, ప్రతి గుంజకు ఒక అంకె వేసి, పొడిచి చూసినప్పుడు స్క్రూడ్రైవరు ఎంత దిగిందో దాని పక్కన రాయండి. నాలుగవ పాఠంలో దూలాల, వాసాల పని ఈ పటం నుంచే మొదలవుతుంది.