చెన్నై కార్పొరేషన్ ఎన్నికల్లో ఓటు: తెలుగువారు ముందుగా సరిచూసుకోవలసినవి

2022 ఫిబ్రవరి 19న జరిగిన చెన్నై మహానగర కార్పొరేషన్ ఎన్నికల్లో నగర ఓటర్లలో సగం మంది కూడా ఓటు వేయలేదు. పోలింగు సుమారు 43 శాతం దగ్గరే ఆగిపోయింది. వేయనివారంతా నిర్లక్ష్యం చేసినవారు కారు. పోలింగు కేంద్రం దాకా వెళ్లి, పేరు దొరకక తిరిగివచ్చినవారిలో మా అత్తయ్య కూడా ఉన్నారు. నలభై ఏళ్లుగా పెరంబూరులో ఉంటున్న ఆమె, ఎప్పుడూ ఓటు వేసే బడికే ఆ రోజు కూడా వెళ్లారు. అధికారి వేలు జాబితా మీద పైనుంచి కిందికి రెండుసార్లు జరిగింది. ‘మీ పేరు ఇక్కడ లేదమ్మా’ అన్నారు. నిజానికి ఆమె పేరు ఎక్కడికీ పోలేదు, రెండు వీధుల అవతల ఉన్న మరో బడి జాబితాలో భద్రంగా ఉంది. ఆ సంగతి మాకు తెలిసేసరికి పోలింగు ముగిసిపోయింది. ఓటు వేయడం ఒక్క రోజు పనే అయినా దానికి సిద్ధం కావడం కొన్ని నెలల ముందే మొదలుపెట్టవలసిన పని అని ఆ రోజు నాకు అర్థమైంది. ప్రస్తుత పాలక మండలి 2022 మార్చిలో బాధ్యతలు చేపట్టింది కాబట్టి, దాని ఐదేళ్ల గడువు 2027 మొదట్లో ముగుస్తుంది.

ముందుగా ఒక తేడా గుర్తుంచుకోవాలి. లోక్‌సభ, శాసనసభ ఎన్నికలను భారత ఎన్నికల సంఘం నిర్వహిస్తే, కార్పొరేషన్ ఎన్నికలను తమిళనాడు రాష్ట్ర ఎన్నికల కమిషన్ నిర్వహిస్తుంది. స్థానిక ఎన్నికల కోసం కమిషన్ కొత్తగా ఓటర్లను నమోదు చేసుకోదు. శాసనసభ జాబితాలో ఉన్న పేర్లనే తీసుకుని వార్డుల వారీగా విడదీసి కొత్త జాబితా తయారు చేస్తుంది. అందువల్ల శాసనసభ జాబితాలో పేరు లేనివారికి వార్డు జాబితాలోనూ పేరు ఉండదు. పేరు ఉన్నా భాగం సంఖ్య (జాబితాలో మీ పేరున్న విభాగం సంఖ్య), వరుస సంఖ్య, ఒక్కొక్కసారి పోలింగు కేంద్రం కూడా మారిపోవచ్చు. మా అత్తయ్య విషయంలో జరిగింది ఇదే. శాసనసభ ఎన్నికలప్పటి ఓటరు చీటీని నమ్ముకుని కార్పొరేషన్ ఎన్నికలకు వెళ్లకండి.

తమిళనాడులో ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ (ఎస్‌ఐఆర్, అంటే ఇంటింటికీ ఫారాలిచ్చి జాబితాను మళ్లీ సరిచూడడం) జరిగిన తరువాత ఈ జాగ్రత్త మరింత అవసరమైంది. 2025 డిసెంబరు 19న వెలువడిన ముసాయిదా జాబితా నుంచి రాష్ట్రమంతటా 97 లక్షలకు పైగా పేర్లు తొలగించారు. అందులో చెన్నై జిల్లావే 14 లక్షలకు పైగా ఉన్నాయి. చనిపోయినవారు, ఇల్లు మారినవారు, రెండు చోట్ల నమోదైనవారు అన్నవి అందుకు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనవి. వ్యాసర్పాడిలో అద్దెకు ఉండి అంబత్తూరుకు మారినవారు, పెళ్లయి నెల్లూరు నుంచి చెన్నైకి వచ్చినవారు, ఊళ్లోనూ ఇక్కడా రెండు చోట్ల ఓటు ఉంచుకున్నవారు మనవాళ్లలో చాలామంది ఉన్నారు. రెండు చోట్ల పేరు ఉండడం చట్ట విరుద్ధం. ఎక్కడ నివసిస్తున్నారో అక్కడే ఉంచుకోవాలి. ఓటరు కార్డు సంఖ్యతో ఎన్నికల సంఘం వెబ్‌సైటులో గాని దాని యాప్‌లో గాని వెతికితే పేరు ఉన్నదీ లేనిదీ తేలిపోతుంది. ఫోను వాడకం తెలియని పెద్దలు 1950 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. పేరు లేకపోతే 6వ నంబరు ఫారం, చిరునామా మారినా వివరాల్లో తప్పులున్నా 8వ నంబరు ఫారం ఇవ్వాలి. కొత్తగా 18 ఏళ్లు నిండేవారి కోసం జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలను అర్హత తేదీలుగా పెట్టారు గనుక మరుసటి సంవత్సరం దాకా ఆగనక్కరలేదు. ఏ దరఖాస్తునైనా ఎన్నికల ప్రకటన వెలువడక ముందే ముగించుకోవడం మంచిది.

ఇక్కడి తెలుగువారు వేరుగా చూసుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. చెన్నైలో జాబితా తమిళంలోనూ ఆంగ్లంలోనూ ఉంటుంది. తమిళంలో ప, బ, భ అక్షరాలన్నింటికీ ఒకటే రూపం. క, గ, ఘలదీ అదే పరిస్థితి. భాస్కర్ పేరు తమిళ జాబితాలో అక్షరాలా చదివితే పాస్కర్ అవుతుంది, గోపాల్ కోపాల్ అవుతుంది. అది తప్పు కాదు, ఆ లిపి పద్ధతే అంత. దాన్ని చూసి కంగారుపడి దరఖాస్తు పెట్టనక్కరలేదు. కాని ఇంటిపేరు సంగతి అలా కాదు. ఇక్కడి ఆనవాయితీ ప్రకారం పేరు ముందు ఉండేది తండ్రి పేరులోని మొదటి అక్షరం. మనకేమో అక్కడ ఇంటిపేరు ఉంటుంది. నమోదు చేసేవారు ఒకసారి ఇంటిపేరును, మరోసారి తండ్రి పేరును, పెళ్లయిన ఆడవారి విషయంలో భర్త పేరును పొడి అక్షరంగా తీసుకోవడం వల్ల ఓటరు కార్డులో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, బ్యాంకు పాసుపుస్తకంలో మరోలా పేరు నిలిచిపోతుంది. ఈ కార్డులన్నీ ఒక సాయంత్రం ముందు పరుచుకుని, పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు పోల్చి చూసి, తేడా ఉంటే 8వ నంబరు ఫారంతో సరిచేయించుకోండి. మా ఇంట్లో అలా చూసినప్పుడే మా అమ్మగారి కార్డులో నాన్నగారి పేరుకు బదులు తాతగారి పేరు పడి ఉందని బయటపడింది.

ఓటు ఎవరికన్నది మీ ఇష్టం, కాని ఓటు దేనికన్నది తెలిసి ఉండాలి. 2022లో నగరం 200 వార్డులుగా ఉంది, ఒక్కో వార్డుకు ఒక కౌన్సిలర్. మేయరును ఆ ఎన్నికలో ప్రజలు నేరుగా ఎన్నుకోలేదు, కౌన్సిలర్లే ఎన్నుకున్నారు. అంటే మనం వేసే ఒకే ఒక్క ఓటు మేయరు పీఠం దాకా పోతుంది. వాన నీటి కాలువలు, వీధి దీపాలు, చెత్త, కార్పొరేషన్ బడులు, శ్మశానాలు, ఆస్తి పన్ను అన్నీ కార్పొరేషన్ పరిధిలోనివే. 2022 ఏప్రిల్‌లో, అంటే ఎన్నికలు ముగిసి రెండు నెలలైనా కాకముందే, ఇళ్ల ఆస్తి పన్నును విస్తీర్ణాన్ని బట్టి 25 నుంచి 150 శాతం దాకా పెంచారు. ఓటు అడగడానికి వచ్చిన అభ్యర్థిని మన వీధి కాలువ దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టి మాట్లాడటం మర్యాదకు లోటేమీ కాదు. ఓటుకు డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడం కూడా నేరమే. తమిళం మాట్లాడగలిగి చదవడం రాని పెద్దలు మన ఇళ్లల్లో చాలామంది ఉన్నారు. ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు పోటీ చేయడం ఇక్కడ కొత్త కాదు. కాబట్టి వారికి అభ్యర్థి పేరు కన్నా గుర్తు, వరుస సంఖ్య బాగా గుర్తుండేలా ముందుగానే చెప్పి ఉంచండి.

పోలింగు రోజున ఓటరు కార్డు లేకపోతే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న బ్యాంకు పాసుపుస్తకం వంటివాటిలో ఏదో ఒకటి చాలు. బూత్ స్లిప్ గుర్తింపు పత్రం కాదు, పేరు ఎక్కడ ఉందో చూపించే చీటీ మాత్రమే. లోపల మొదటి అధికారి పేరు చదువుతారు, రెండో అధికారి ఎడమచేతి చూపుడువేలికి సిరా పెట్టి సంతకం చేయించుకుంటారు, తరువాతి అధికారి యంత్రాన్ని సిద్ధం చేస్తారు. గుర్తు పక్కనున్న నీలం మీట నొక్కాక ఎర్ర దీపం వెలిగి, పొడుగ్గా బీప్ శబ్దం వినిపించాలి. అది వినిపించేదాకా అక్కడినుంచి కదలవద్దు. చూపు సరిగా లేనివారు, నడవలేనివారు తోడుగా ఒకరిని తీసుకెళ్లవచ్చు.

మీ పేరు మీద అప్పటికే ఎవరో ఓటు వేశారని అధికారి చెబితే నిరాశపడి వెనుదిరగకండి. గుర్తింపు కార్డు చూపించి, టెండర్ ఓటు కావాలని ఆ పోలింగు కేంద్రానికి బాధ్యులైన ప్రిసైడింగ్ అధికారిని అడగండి. మీరు మీరేనని ఆయనకు నమ్మకం కుదిరితే విడిగా ఒక బ్యాలెట్ పత్రం ఇస్తారు. దాని మీద మీ ఓటు వేసి ఆయన చేతికే ఇవ్వాలి. మా అత్తయ్య ఈసారి తన వార్డు సంఖ్యను, భాగం సంఖ్యను వంటింటి క్యాలెండరు వెనుక పెద్ద అక్షరాలతో రాయించుకున్నారు, కొత్త జాబితా వచ్చిన రోజున పోల్చి చూసుకోవడానికి.