సర్జరీ తర్వాత ముక్కు కొన నిలవకపోతే: లక్షణాన్ని బట్టి కారణం, మార్గం

నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు నుంచి చెన్నై వచ్చి ముక్కు సర్జరీ చేయించుకున్నవాళ్లు రెండోసారి ఓపీలో కూర్చోగానే "ఏ టెక్నిక్ మంచిది డాక్టర్‌గారూ?" అని అడుగుతారు. స్ట్రట్, టంగ్ ఇన్ గ్రూవ్, సెప్టల్ ఎక్స్‌టెన్షన్ గ్రాఫ్ట్ అనే, కొనను నిలబెట్టే మూడు పద్ధతుల పేర్లూ ఫోన్‌లో చదివే వస్తారు. నేను ముందు చూసేది మాత్రం ఆ కొనను ఇప్పుడు ఏది మోస్తోంది అన్నదే.

1969లో అమెరికా సర్జన్ జాక్ ఆండర్సన్ చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. ముక్కు కొన ముక్కాలిపీట లాంటిది. రెండు రంధ్రాల మధ్య కలిసి ఉన్న కార్టిలేజ్ (మృదులాస్థి) ఒక కాలు, చెరో పుటంలో ఉన్న కార్టిలేజ్ మిగతా రెండు. మధ్యకాలు కుంగితే కొన కిందికి దిగుతుంది. పక్కకాళ్లు పొట్టివైతే పైకి తిరుగుతుంది.

"మొదట్లో బాగుంది, నెలలు గడిచాక జారింది"

ఎక్కువగా వినేది ఇదే. కొత్తలో కొనను నిలబెట్టిన దాంట్లో వాపు పాత్ర కూడా ఉంటుంది. వాపు తగ్గాక అసలు బలం ఎంతో బయటపడుతుంది. మధ్యకాలి అడుగుభాగం ముక్కు దూలానికి (రెండు రంధ్రాలను విడదీసే లోపలి గోడకు) అంటుకుని ఉండే చోటు, పై కార్టిలేజూ కింది కార్టిలేజూ కలిసే చోటు కొనకు సహజమైన ఆధారాలు. ఆపరేషన్‌లో లోపలికి వెళ్లడానికి వీటిని విడదీయాల్సి రావచ్చు. విడదీసినదానికి బదులు బలమైనది పెట్టకపోతే కొన జారుతుంది. మన దగ్గర తరచూ కనిపించే మందం చర్మం, మెత్తటి కార్టిలేజ్ కలిస్తే జారే అవకాశం ఇంకా ఎక్కువ.

మధ్యకాళ్ల నడుమ చిన్న కార్టిలేజ్ ముక్క పెట్టి కుట్టేది కొలుమెల్లా స్ట్రట్. మధ్యకాలు మెత్తగా ఉంటే దాన్ని నిటారుగా ఉంచుతుంది, వంకరను సరిచేస్తుంది. అయితే అది దూలానికి బిగించి ఉండదు. అందుకే కాలంతో కొన కాస్త వెనక్కి తగ్గొచ్చు. జారిన కొనను ఎత్తి అక్కడే పట్టి ఉంచే పని స్ట్రట్ ఒక్కదానికే అప్పగించడం నాకు నచ్చదు.

టంగ్ ఇన్ గ్రూవ్‌లో మధ్యకాళ్లను వెనక్కి జరిపి, దూలం అంచును వాటి నడుమ ఇరికించి కుడతారు. హ్యూస్టన్ సర్జన్ రస్సెల్ క్రిడెల్ బృందం 1999లో దీన్ని వివరించింది. అదనంగా కార్టిలేజ్ అక్కర్లేదు, పట్టు గట్టిది. అయితే దూలం కింది అంచు పొడుగ్గా, తిన్నగా ఉండాలి. పొట్టి దూలానికి ఇదే చేస్తే కొన లోపలికి లాక్కుపోతుంది.

దూలం పొట్టిగా ఉన్నచోట సెప్టల్ ఎక్స్‌టెన్షన్ గ్రాఫ్ట్ అవసరమవుతుంది. 1997లో అమెరికాలోని డల్లస్‌లో సర్జన్ స్టీవ్ బర్డ్ బృందం వివరించిన పద్ధతి ఇది. దూలానికి కార్టిలేజ్ ముక్కతో (గ్రాఫ్ట్) అతుకు వేసి ముందుకు పొడిగించి, కొనను దానికే కుడతారు. ఎత్తు, కోణం రెండూ సర్జన్ చేతిలో ఉంటాయి. బదులుగా కొన బిరుసవుతుంది, దూలం కార్టిలేజ్ చాలా ఖర్చవుతుంది. దూలంలో పైనా ముందూ కనీసం 10 మిల్లీమీటర్ల వెడల్పు చట్రం మిగల్చాలి కాబట్టి, రెండో సర్జరీలో కార్టిలేజ్ కోసం తరచూ పక్కటెముక వైపు చూడక తప్పదు.

జారిన కొన, మెత్తటి కార్టిలేజ్, పొట్టి దూలం మూడూ ఉంటే నా ఓటు ఎక్స్‌టెన్షన్ గ్రాఫ్ట్‌కే. దూలం బాగా ఉంటే టంగ్ ఇన్ గ్రూవ్ చాలు.

"నవ్వినప్పుడే దిగుతోంది"

మామూలుగా ఉన్నప్పుడు సరిగ్గా ఉండి, నవ్వితేనే దిగితే కొనను కిందికి లాగే చిన్న కండరమే కారణం కావచ్చు. దాన్ని విడదీస్తే తరచూ సరిపోతుంది. నవ్వుతూ ఒక ఫొటో, నవ్వకుండా ఒకటి, రెండూ పక్క నుంచి తీసి తెండి.

"గాలి పీలిస్తే పుటాలు లోపలికి అతుక్కుంటున్నాయి"

ఇది పక్కకాళ్ల సమస్య. కొన సన్నబడాలని పుటం కార్టిలేజ్ పై అంచును అతిగా కోసేస్తే ఇలా అవుతుంది. 6 నుంచి 8 మిల్లీమీటర్ల వెడల్పు మిగల్చడం సాధారణ జాగ్రత్త. పరిష్కారం ఇంకా కోయడం కాదు, బలం చేర్చడం. పుటం గోడలో బాటెన్ గ్రాఫ్ట్ (ఆసరాగా ఉండే కార్టిలేజ్ పలక) పెట్టడం ఒక దారి. పక్కకాలి అడుగున లాటరల్ క్రూరల్ స్ట్రట్ అనే కార్టిలేజ్ పట్టీ పెట్టడం ఇంకోటి. ఈ స్ట్రట్‌ను వివరించింది సర్జన్ జాక్ గంటర్, అదీ 1997లోనే, అదీ డల్లస్ నుంచే! ముక్కుపుడక మళ్లీ కుట్టించుకోవాలనుకునేవాళ్లు గ్రాఫ్ట్ ఎక్కడుందో సర్జన్‌ని అడిగాకే కంసాలి దగ్గరికి వెళ్లాలి.

"ఒక పక్కకి వాలింది"

దూలం కింది అంచు వంకరగా ఉండగా దానిమీదే గ్రాఫ్ట్ కడితే కొన ఆ వంకరనే అనుసరిస్తుంది. ఎక్స్‌టెన్షన్ గ్రాఫ్ట్ దూలానికి ఒక పక్కనే అతికినా, పెట్టిన పక్కటెముక కార్టిలేజ్ తర్వాత వంగినా ఇంతే. ముందు దూలాన్ని మధ్యకు తెచ్చి అడుగున ఎముకకు బిగించాలి. కొన సంగతి ఆ తర్వాత.

"కొన పైన ఉబ్బుగా ఉంది"

రెండు కారణాలుంటాయి, వాటి చికిత్సలు వేరు. లోపల మచ్చ కణజాలం పేరుకుంటే తొలి నెలల్లో ట్రయామ్సినొలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పనిచేయవచ్చు. కొనే కిందికి దిగి పైభాగం ఎత్తుగా కనిపిస్తుంటే ఇంజెక్షన్‌తో లాభం లేదు, ఆధారం మళ్లీ కట్టాలి.

"రాయిలా గట్టిగా ఉంది"

ఎక్స్‌టెన్షన్ గ్రాఫ్ట్ పెట్టినవాళ్లకు ఇది లోపం కాదు. సర్జరీకి ముందే చెప్పాల్సిన మాట.

ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు పరుగెత్తాలి

కొన వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది పడుతుంది, మందం చర్మానికి ఇంకా ఎక్కువ. అందుకే మామూలుగా ఏడాదిలోపు రెండో సర్జరీ చేయరు. అయితే తొలి రోజుల్లో రెండు రంధ్రాలూ మూసుకుపోయి నొప్పి పెరుగుతుంటే, దూలంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దాన్ని వెంటనే తీయకపోతే కార్టిలేజ్ చచ్చిపోతుంది. జ్వరం, చీము, కొన రంగు మారడం కనిపించినా అదే రోజు, మీ ఊళ్లోనే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. చెన్నై బండి కోసం ఆగకండి.

రెండో సర్జరీ ఆలోచన ఉంటే మొదటి ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ సమ్మరీతో పాటు ఆపరేషన్ నోట్స్ కూడా అడిగి తీసుకోండి. ఏ గ్రాఫ్ట్ పెట్టారు, కార్టిలేజ్ ఎక్కడి నుంచి తీశారు, దూలంలో ఎంత మిగిలింది అన్నవి అందులోనే ఉంటాయి.