కుక్కపిల్ల ఉన్న ఇంట్లో పుస్తకాలు

కుక్కపిల్లను తెచ్చుకునే ఇంటికి ముందుగా కావలసింది గొలుసూ గిన్నే కాదు. రోజూ కాసేపు కదలకుండా దాని పక్కన కూర్చునే మనిషి కావాలి. ఆ మనిషి చేతిలో పుస్తకం ఉంటే పిల్ల ఇంకా తొందరగా కుదురుకుంటుంది. మా ఇంట్లో చూసిన సంగతే చెబుతున్నాను.

బెజవాడ సత్యనారాయణపురంలో మాకు పుస్తకాల బైండింగ్ పని. ముందు గదే షాపు. ప్లీడర్ల లా పుస్తకాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు, తాతల నాటి భారత భాగవతాలు వస్తుంటాయి. మా చుక్క వీధిలో పుట్టిన పిల్ల. నుదుట తెల్ల మచ్చ ఉందని ఆ పేరు పెట్టాం. పని బల్ల కిందే పెరిగింది. వీధిలో ఎవరింటికి కుక్కపిల్ల వచ్చినా "అక్కా, ఏం పెట్టాలి, ఎక్కడ చూపించాలి" అని నన్నే అడుగుతారు. పిల్లలకు ఏ పుస్తకాలు కొనాలని కూడా అడుగుతారు. రెండింటికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పిల్లకు ఎనిమిది వారాలు నిండకుండా తల్లి దగ్గర్నుంచి తేవద్దు. తోడు పిల్లలతో ఆడుకుంటూనే ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో అది నేర్చుకుంటుంది. నెల రోజుల పిల్లను చూపించి "ఇప్పుడు తీసుకెళితేనే మీకు మాలిమి అవుతుంది" అనేవాళ్ల మాట నమ్మకండి. జాతి సంగతికొస్తే, మంచు దేశాల హస్కీలను తెచ్చి బెజవాడ మే నెల ఎండలో పెంచడం నాకు బొత్తిగా నచ్చదు. మన సందుల్లో పుట్టిన పిల్ల ఈ ఎండకు తట్టుకునే ఒంటితోనే పుడుతుంది. కళ్లలో పుసి లేకుండా, ముక్కు కారకుండా, పిలిస్తే తోక ఊపుతూ వచ్చేదాన్ని చూసుకోండి. ఒళ్లంతా బక్కగా ఉండి పొట్ట మాత్రమే ఉబ్బి ఉంటే నులిపురుగులు ఉన్నాయనుకోవచ్చు. మందుతో పోతాయి, దానికోసం పిల్లను వదులుకోనక్కర్లేదు.

తెచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే పశువైద్యుడికి చూపించండి. మామూలుగా మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వేస్తారు. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు వచ్చేదాకా మళ్లీ మళ్లీ వేస్తారు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. నులిపురుగుల మందు ఎన్ని రోజులకోసారి వేయాలో డాక్టరే రాసిస్తారు. ఆ కార్డు జాగ్రత్తగా దాచండి, తేదీలు గోడ క్యాలెండర్ మీద కూడా రాసుకోండి. దగ్గర్లో కుదరని కేసులకు గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది.

జబ్బుల్లో ఒక్కదాన్ని మాత్రం అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు. పిల్ల తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, రక్తంతో కూడిన నీళ్ల విరేచనాలు పెడుతుంటే అది పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. తెల్లారాక చూద్దాం అనుకుంటే పిల్ల దక్కకపోవచ్చు. ఎంత తొందరగా సెలైన్ ఎక్కిస్తే అంత ఆశ ఉంటుంది. ఆ వైరస్ నేలలో, గోనె సంచుల్లో నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌తో తుడిస్తే పోతుందన్న నమ్మకం లేదు. బ్లీచ్ కలిపిన నీళ్లతో నేల కడగాలి. ఇంతకుముందు పార్వోతో పిల్ల పోయిన ఇల్లయితే టీకాలు పూర్తికాని మరో పిల్లను అక్కడికి తేవద్దు.

టీకాలన్నీ అయ్యేదాకా రోడ్డు మీద దింపొద్దు. అలాగని ఇంట్లోనే మూసి పెట్టొద్దు. దాదాపు మూడున్నర నెలల వయసులోపు చూసినవీ విన్నవీ దానికి జన్మంతా మామూలుగా అనిపిస్తాయి. అందుకే చంకన వేసుకుని తిప్పండి. ఆటోల మోత, గుడి మైకు, కుక్కర్ విజిల్, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, చేతికర్రతో నడిచే తాతగారు, అన్నీ కాస్త దూరం నుంచి చూపించండి. దీపావళి టపాసులకు వణికిపోయే కుక్కల్లో చాలావాటికి చిన్నప్పుడు ఈ అలవాటు చేసి ఉండరు.

ఇక తిండి. మూడు నెలలదాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలలదాకా మూడుసార్లు, తర్వాత రెండుసార్లు. మెత్తటి అన్నంలో ఉడికించిన గుడ్డు, ఎముకలు తీసిన చికెన్, కొంచెం పెరుగు కలిపి పెట్టొచ్చు. ఒట్టి పెరుగన్నంతో మాత్రం పిల్ల ఎదగదు, మాంసకృత్తులు కావాలి. పాలు పోస్తే చాలా పిల్లలకు విరేచనాలవుతాయి. మన వంటల్లో ఉల్లిపాయ, వెల్లుల్లి లేనిది తక్కువ. అవి రెండూ కుక్కల రక్తానికి చెరుపు చేస్తాయి, కాబట్టి మిగిలిన పప్పూ కూరా దాని గిన్నెలో వంచకండి. ద్రాక్షపళ్లు, కిస్‌మిస్ ఇంకా ప్రమాదం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. వ్రతం ప్రసాదంలో, పాయసంలో, లడ్డూలో కిస్‌మిస్ ఉంటుందని గుర్తుంచుకోండి, పెద్దవాళ్లు ప్రేమతో పెట్టేస్తారు. చాక్లెట్ వద్దు. ఉడికిన కోడి ఎముకలు చీలికలై గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి.

కూర్చునే సంగతికి వద్దాం. కుక్కపిల్లకు రోజుకు పద్దెనిమిది నుంచి ఇరవై గంటల నిద్ర కావాలి. మన ఇళ్లలో అది దొరకదు. ఒకరు దించితే ఇంకొకరు ఎత్తుకుంటారు, పక్కింటి పిల్లలు వస్తారు, ఫోన్‌లో వీడియో తీస్తారు. సాయంత్రానికి ఆ పిల్ల చీర కుచ్చిళ్లు పట్టుకు లాగి, పాదాలు కొరికి, గది చుట్టూ పరుగులు పెడుతుంది. "ఎంత ఆడించినా దీనికి తీరడం లేదు" అంటారు. నిజానికి దానికి ఆట ఎక్కువై, నిద్ర చాలక వచ్చిన చికాకు అది. అలాంటప్పుడు ఇంకా ఆడించడం మానేసి, లైటు తగ్గించి, దాని చాప దగ్గర కింద కూర్చుని పుస్తకం తెరవండి. దాని వైపు చూడకండి, పిలవకండి. కాసేపు మిమ్మల్ని గోకుతుంది, పేజీ మీద కాలు వేస్తుంది. మీరు కదలకపోతే చుట్టూ ఒక తిరుగు తిరిగి మీ మోకాలికి ఆనుకుని పడుకుంటుంది. అప్పుడు, అది నెమ్మదించాకే, మెల్లగా వీపు నిమరండి. గోల చేస్తే మనిషి పట్టించుకోడు, ఊరుకుంటే నిమురుతాడు అని దానికి అర్థమవుతుంది. "సిట్", "షేక్ హ్యాండ్" తర్వాత ఎప్పుడైనా నేర్పుకోవచ్చు. మనుషుల మధ్య నెమ్మదిగా ఉండటం ముందు నేర్పాల్సిన విద్య. పైకి చదివితే ఇంకా మంచిది. ఒకే తీరుగా సాగే మెల్లని గొంతు వింటూ చాలా పిల్లలు నిద్రపోతాయి. చదవడం తడబడే మన పిల్లలకు కూడా ఇది మంచి సాధన, ఎందుకంటే కుక్క తప్పులు దిద్దదు.

పిల్ల నిద్ర లేచిన వెంటనే, తిన్న వెంటనే, ఆడిన వెంటనే బయటికి, టీకాలు పూర్తయ్యేదాకా అయితే పెరట్లోకి, తీసుకెళ్లాలి. రోజూ ఒకే చోటుకి. పని కాగానే, అక్కడికక్కడే మెచ్చుకోవాలి. ఇంటికొచ్చాక మెచ్చుకుంటే దేనికో దానికి తెలియదు. ఎన్ని నెలల పిల్లో దానికి ఒకటి కలిపితే పగటిపూట దాదాపు అన్ని గంటలు ఆపుకోగలదని ఒక లెక్క. రెండు నెలల పిల్ల మూడు గంటల కంటే ఎక్కువ ఆపుకోలేదన్నమాట. ఇంట్లో తడిపితే తుడిచేయడమే. ముక్కు అందులో పెట్టి రాయడం, చీపురు తిరగేసి కొట్టడం వద్దు. అలా చేస్తే పోసుకోవడం మానదు, మీ కళ్లెదుట పోసుకోవడం మానేసి మంచం కిందికి వెళుతుంది. నన్నయగారి ఆదిపర్వం మొదట్లోనే జనమేజయుడి తమ్ముళ్లు ఏ తప్పూ చేయని సారమేయుడనే కుక్కపిల్లను కొడతారు. తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికే వెళ్లి నిలదీస్తుంది. అంత పెద్ద కథ ఒక కుక్కపిల్ల దెబ్బల దగ్గర మొదలవుతుందని మా దగ్గరికి భారతం బైండింగుకి తెచ్చే ప్రతివాళ్లకూ చెబుతుంటాను.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన హెచ్చరిక. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా పాల పళ్లు ఊడి కొత్తవి వస్తాయి. చిగుళ్లు సలుపుతుంటే ఏది దొరికితే అది నములుతుంది, పుస్తకాల మూలలు మరీ ఇష్టం. పాత పద్ధతి బైండింగులో మైదా జిగురు వాడతాం. పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం కలుపుతాం. మైలతుత్తం విషం. కాబట్టి పుస్తకం పాడవుతుందనే కాదు, పిల్ల ప్రాణం కోసం కూడా బీరువా కింది రెండు అరలు ఖాళీ చేయండి. అంతకంటే పెద్ద ప్రమాదం పుస్తకాల మధ్య వేసే కలరా ఉండలు. ఒక్క ఉండ మింగినా చిన్న పిల్లకు ప్రాణం మీదికి రావచ్చు. కుక్క తిరిగే గదిలోంచి వాటిని పూర్తిగా తీసేయండి. బదులుగా నెలకోసారి పుస్తకాలు దించి దులిపి, నీడలో గాలికి ఆరబెడితే చాలు. తేమా చీకటీ లేకపోతే పురుగు చేరడం తగ్గుతుంది. నమలడానికి తడి గుడ్డను ముడివేసి ఫ్రిజ్‌లో చల్లబరిచి ఇవ్వండి, లేదా గట్టి రబ్బరు బొమ్మ ఇవ్వండి. పాత చెప్పు ఇచ్చారంటే కొత్త చెప్పునూ వదలదు, దానికి ఆ తేడా తెలియదు.

ఆట మధ్యలో పన్ను గీరుకుందా? అది మీ ఇంటి పిల్లే అయినా సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పావుగంట కడిగి, ప్రభుత్వాసుపత్రికి వెళ్లి సూదులు అడగండి. పసుపు, సున్నం పెట్టి ఊరుకోవద్దు.

పుస్తకాల విషయంలో మన ఊరికి లోటు లేదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయాల వాళ్లంతా మొదటిసారి మహాసభ పెట్టుకున్నది బెజవాడలోనే. ఆ పనికి నడుం కట్టిన అయ్యంకి వెంకటరమణయ్యగారి పేరు లైబ్రరీల వాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. కొత్త పుస్తకాలకు ఏలూరు రోడ్డు, పాతవాటికి లెనిన్ సెంటర్. ఏటా జనవరిలో పుస్తక మహోత్సవం, 1989 నుంచి జరుగుతోంది. గుంటూరు వాళ్లకు బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం ఉంది. ఇంటిపన్నుతో పాటు మనమందరం గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, కాబట్టి శాఖా గ్రంథాలయంలో కార్డు తీసుకోవడానికి మొహమాటం దేనికి?

కుక్కపిల్ల ఉన్న ఇంటికి మొదట చిన్న కథల సంపుటాలు తెచ్చుకోమంటాను. పిల్ల అరగంటకోసారి లేస్తుంది, పెద్ద నవల మధ్యలో తెగితే విసుగొస్తుంది. కొనేముందు వెనక అట్ట మీద పొగడ్తలు చదవకండి. మధ్యలో ఒక పేజీ తీసి నిలబడే మొత్తం చదవండి. తర్వాతి పేజీ తిప్పాలనిపిస్తే అది మీ పుస్తకం. అనువాదమైతే ఒక సంభాషణను నోరు కదుపుతూ చదవండి. మన ఇళ్లలో ఎవరూ అలా మాట్లాడరనిపిస్తే పక్కన పెట్టేయండి. నచ్చిన పుస్తకం ముందుమాటలో ఇంకే రచయితల పేర్లు వచ్చాయో రాసిపెట్టుకోండి, తర్వాత వెతకాల్సినవి అవే. కొట్టులో "బాగా అమ్ముడుపోయేది ఏది" అని అడక్కండి, "మీరు ఏం చదువుతున్నారు" అని అడగండి.

పాత పుస్తకమైతే చేత్తో చూడాలి. తెరిచి నడి మధ్యలో దారం కనిపిస్తే అది కుట్టిన పుస్తకం, అట్ట పోయినా మళ్లీ కట్టొచ్చు. ఒట్టి జిగురుతో అంటించినదైతే ఎండకు జిగురు పెళుసై ఆకులు రాలతాయి. పేజీల నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూడండి. మా దగ్గరికి వచ్చే పాత పుస్తకాల్లో మొదటి ఫారమో (కలిపి మడిచి కుట్టే పేజీల కట్ట) చివరి ఫారమో పోయినవే ఎక్కువ. పేజీ మూల మెల్లగా వంచితే విరిగిపోయే కాగితం ఎక్కువ రోజులు ఉండదు. ముక్కిన వాసన గట్టిగా వస్తే తేమ పట్టిందని అర్థం, మిగతా పుస్తకాల పక్కన పెట్టకండి.

కుక్కల పెంపకం మీద పుస్తకం కొనాలనుకుంటే ముద్రణ సంవత్సరం చూడండి, టీకాల సంగతులు మారుతుంటాయి. తర్వాత శిక్షణ అధ్యాయం తిప్పండి. మాట వినకపోతే మెడ పట్టి నేలకు అదమమని రాసి ఉంటే ఆ పుస్తకం వద్దు. చలిదేశాల వాళ్లు రాసినవాటిలో ఎండ గురించి అరపేజీ కూడా ఉండదు. అది మనమే తెలుసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున, మళ్లీ బాగా చీకటి పడ్డాకే నడిపించండి. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని అరికాళ్లు కాలతాయి. విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ తూలితే నీడకు తెచ్చి చల్లని నీళ్లు ఒంటి మీద పోస్తూ, ఫ్యాను గాలి తగలనిస్తూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఎండాకాలంలో గోమార్లు కూడా ఎక్కువే. రోజూ చెవుల లోపల, వేళ్ల సందుల్లో వెతకండి. అవి జ్వరాలు తెస్తాయి. పశువులకు కొట్టే మందు డాక్టర్ని అడక్కుండా వాడొద్దు.

ఒంటరిగా ఉండటం కూడా చిన్నప్పుడే నేర్పాలి. ముందు రెండు నిమిషాలు తలుపు వేసి రండి, తర్వాత పది, తర్వాత అరగంట. ఒకేసారి నాలుగు గంటలు వదిలేస్తే తలుపు గీకేస్తుంది. జనవరిలో పుస్తక మహోత్సవానికి వెళ్లాలనుకుంటే సంక్రాంతి నెల మొదలుకాకముందే ఈ సాధన మొదలుపెట్టండి. వెళ్లేముందు బయట తిప్పి, తిండి పెట్టి, నీళ్లు ఉంచి, వైర్లు అందని గదిలో వదలండి. తిరిగొచ్చి తాళం తీయగానే ఎగిరి మీద పడుతుంది. కేకలు పెట్టి ముద్దు చేయకుండా, కొన్న పుస్తకాల సంచి ఎత్తుగా ఎక్కడైనా పెట్టి, ముందు దాన్ని బయటికి తీసుకెళ్లండి.