ఇంట్లోనే జిప్సీ ఇంజన్ దించడం ఎలా

మారుతి జిప్సీని చాసిస్ దాకా విప్పి మళ్ళీ కట్టుకోవాలనుకునేవాళ్ళు ఇంజన్ దగ్గరికి వచ్చేసరికి వెనకాడతారు. ఇంటి దగ్గర ఇంజన్ దించడానికి ఇంతకంటే అనువైన బండి దొరకడం కష్టం. ఇంజన్ పొడవునా కూర్చుంటుంది, రేడియేటర్ తీస్తే ముందు బోలెడంత ఖాళీ వస్తుంది. ఇక్కడ చెప్పేది 1.3 లీటర్ల జిప్సీ కింగ్ గురించి. గేర్ బాక్స్‌ను బండిలోనే ఉంచి ఇంజన్ ఒక్కదాన్నే తీస్తాం. కార్బురేటర్ బండికైనా ఎంపీఎఫ్‌ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే) బండికైనా క్రమం ఒకటే.

అన్నిటికంటే ముందు ఎత్తే ఏర్పాటు చూసుకోండి. స్లాబులో ఉన్న ఫ్యాన్ కొక్కేనికి చైన్ బ్లాక్ తగిలించడం ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే, అది ఫ్యాన్ బరువు కోసం పెట్టింది. ఇంజన్ క్రేన్ అద్దెకు దొరక్కపోతే, బోరు మోటార్లు తీసేవాళ్ళ దగ్గరుండే మూడు కాళ్ళ స్టాండు, 1 టన్ను చైన్ బ్లాక్ తెచ్చుకోండి. స్టాండు 9 నుంచి 10 అడుగుల ఎత్తుండాలి. బండి ముందు ప్యానెల్, దానిపైన ఇంజన్ ఎత్తు, గొలుసు, చైన్ బ్లాక్ పొడవు కలిపితే అంత అవుతుంది. జిప్సీ వెడల్పు 1540 మిల్లీమీటర్లు కాబట్టి పక్క కాళ్ళ మధ్య 2 మీటర్ల ఎడం ఉంచి, మూడో కాలును బండికి ముందు పెట్టండి. టైల్స్ నేల మీద కాళ్ళు జారతాయి, మూడింటినీ కింద గొలుసుతో కలిపి కట్టాల్సిందే. బండిని స్టాండ్ల మీదికి ఎక్కించొద్దు. చక్రాలు నేల మీదుంటేనే, ఇంజన్ లేచాక బండిని వెనక్కి నెట్టగలం.

ముందు రోజు రాత్రే సైలెన్సర్ పైపు మానిఫోల్డును కలిసే నట్లకు తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. ఇవి బలవంతం చేస్తే స్టడ్డు విరిగిపోతుంది, దాన్ని తీయడానికి మళ్ళీ లేత్ షాపుకు వెళ్ళాలి. ఎంపీఎఫ్‌ఐ బండిలో పెట్రోల్ పంపు ఫ్యూజు పీకి ఇంజన్ స్టార్ట్ చేయండి, అదే ఆగిపోతుంది, లైన్లో ప్రెషర్ దిగిపోతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాకే పెట్రోల్ పైపు విప్పాలి. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ ముందు, పాజిటివ్ తర్వాత తీసి, బ్యాటరీనే బయట పెట్టేయండి.

బోనెట్ కీళ్ళ చుట్టూ మార్కర్‌తో గీత గీసి, ఇద్దరు పట్టుకుని తీయండి. కూలెంట్, ఆయిల్ దించండి. కూలెంట్‌కు 10 లీటర్ల టబ్బు, ఆయిల్‌కు 5 లీటర్ల ట్రే చాలు. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు తాగితే చచ్చిపోతాయి, మూత పెట్టి ఎత్తిపెట్టండి. రేడియేటర్, ఫ్యాన్, గ్రిల్ తీయండి. ఏసీ ఉంటే పైపులు విప్పకుండా కంప్రెసర్‌ను మాత్రం విప్పి పక్కకు కట్టేయండి.

ఇప్పుడు వైర్లు, పైపులు. ప్రతి కనెక్టర్ రెండు చివర్లకూ ఒకే నంబర్ రాసిన టేపు అంటించి, విప్పేముందు ఫోటో తీయండి. యాక్సిలరేటర్ కేబుల్, క్లచ్ కేబుల్, హీటర్ పైపులు రెండు, బ్రేక్ బూస్టర్ వాక్యూమ్ పైపు, సెల్ఫ్ మోటార్, ఆల్టర్నేటర్ వైర్లు, సెన్సార్లు. చాలామంది మర్చిపోయేది ఇంజన్ నుంచి చాసిస్‌కు వెళ్ళే ఎర్త్ పట్టీ. తీసేటప్పుడు మర్చిపోతే తెగుతుంది. బిగించేటప్పుడు మర్చిపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు కరెంటంతా క్లచ్ కేబుల్ గుండా తిరిగొచ్చి దాన్ని కాల్చేస్తుంది.

అసలు పని బెల్ హౌసింగ్ దగ్గర, అంటే గేర్ బాక్స్ ఇంజన్‌కు కలిసే గంట ఆకారపు భాగం దగ్గర ఉంది. గేర్ బాక్స్ కింద చెక్క ముక్క వేసి జాకీ ఆనించండి. గొలుసును ఇంజన్ మీదున్న రెండు కొక్కేలకు, ఒకటి ముందు ఒకటి వెనక, తగిలించండి. ఇన్‌టేక్ మానిఫోల్డుకో దాని స్టడ్లకో ఎప్పుడూ కట్టొద్దు. గొలుసు బిగిసి, మౌంటింగుల మీద బరువు తగ్గేదాకా మాత్రమే లాగి ఆపండి. సెల్ఫ్ మోటార్ తీసి, బెల్ హౌసింగ్ బోల్టులు విప్పండి. వాటి పొడవులు వేర్వేరు, అట్టముక్క మీద బొమ్మ గీసి ఏ చోటిది ఆ చోట గుచ్చిపెట్టండి. మౌంటింగ్ బోల్టులు అన్నిటికన్నా చివర.

ఇంజన్ విడివడకపోతే ఎక్కడో ఒక బోల్టు మిగిలి ఉందని అర్థం, ఎక్కువగా పైన చేతికందని చోటో, కింది ప్లేటు దగ్గరో. పలుగు పెట్టి తన్నితే అల్యూమినియం చెవి విరుగుతుంది. బోల్టులన్నీ వచ్చాయని తేలాకే, ఇంజన్‌నూ గేర్ బాక్స్‌నూ సరిగ్గా కూర్చే రెండు డోవెల్ పిన్నుల దగ్గర కొద్దికొద్దిగా కదపండి. సందు పైనా కిందా సమానంగా తెరుచుకోవాలి. పైన ఎక్కువ తెరుచుకుంటే ఇంజన్ ముందు భాగం కిందికి వాలిందన్నమాట, గొలుసు సరిచేయండి, లేదా జాకీని ఆమేరకు మార్చండి. ఈ ఒక్క దశలో తొందరపడకండి. ఇంజన్ బరువు గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు మీద వేలాడితే క్లచ్ ప్లేటు వంగుతుంది, తర్వాత బండి కదిలేటప్పుడల్లా వణుకుతుంది. స్ప్లైన్లు (ఆ షాఫ్టు మీది గాడులు) పట్టేస్తే, బండి గేర్‌లో ఉండగా ఒకరు క్రాంక్ పుల్లీని అటూఇటూ కొంచెం ఆడిస్తుంటే ఇంకొకరు ఇంజన్‌ను ముందుకు లాగాలి.

షాఫ్టు క్లచ్‌లోంచి పూర్తిగా బయటపడ్డాకే పైకి లాగండి. ప్రతి నాలుగైదు లాగులకు ఆగి చుట్టూ చూడండి, ఏ వైరో పైపో బిగుసుకుంటే అక్కడే ఆపండి. వేలాడే ఇంజన్ కింద చెయ్యి కూడా పెట్టకూడదు. సంప్ (ఇంజన్ అడుగునుండే ఆయిల్ తొట్టి) బండి ముందు ప్యానెల్‌ను దాటగానే బండిని వెనక్కి నెట్టి, ఇంజన్‌ను వెంటనే దించేయండి. సంప్ మీద నిలబెడితే సొట్టపడి లోపలి ఆయిల్ జాలి మూసుకుపోతుంది, పాత టైరు మీద కూర్చోబెట్టండి.

గేర్ బాక్స్ ముందు భాగాన్ని చాసిస్‌కు అడ్డంగా వేసిన చెక్కకు కట్టాకే జాకీ తీయండి. ఇప్పుడే క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, క్రాంక్ చివరి పైలట్ బేరింగ్, వెనక ఆయిల్ సీల్ చూసుకోండి. సీల్ తడిగా ఉంటే మార్చేయండి. ఇంజన్ నంబర్ స్పష్టంగా కనిపించేలా శుభ్రం చేసి ఫోటో తీసుకోండి. ఒకవేళ వేరే ఇంజన్ వేయాలనుకుంటే ఆర్టీఏ అనుమతి ముందుగా తీసుకుని, కొత్త నంబర్ ఆర్‌సీలో ఎక్కించుకోవాలి.